అత్త తొక్కిన బ్రేకు

పోయిన వారం వికారాబాద్ స్టేషన్ మెట్ల మీద ఒంటి చెప్పు ఒకటి కనబడింది. ఆడవాళ్లది, కుడికాలిది. రైలందుకునే తొందరలో ఎవరో వదిలేసి ఉంటారు. జనం దాన్ని దాటుకుంటూ పోతున్నారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఒక కాలికి చెప్పు లేకుండా, ఆ సంగతే తెలియకుండా నడిచిపోతున్న మనిషి ఎవరైనా ఉన్నారేమోనని ప్లాట్‌ఫారం అంతా కళ్లతో వెతికాను. గుండె దడదడ కొట్టుకుంది. మా పాప చెయ్యి పట్టుకుని లాగితే గానీ కదలలేదు.

ఈ దడ మా మేనత్త వల్ల నాకు పట్టుకుంది. ఆమె పోయి రెండేళ్లు కావస్తోంది. దడ మాత్రం పోలేదు.

మా నాన్నకు అక్క ఆమె. తాండూరులో నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే కార్ఖానా నడిపేది. ఎప్పుడు చూసినా కొంగు నడుముకు బిగించి, జుట్టంతా తెల్లటి రాతిపొడితో ఉండేది. ఏది నెరిసిన వెంట్రుకో, ఏది దుమ్మో తెలిసేది కాదు. కూలీలతో కన్నడంలో, లారీవాళ్లతో ఉర్దూలో, మాతో తెలుగులో మాట్లాడేది. మూడింటిలోనూ గొంతు పెద్దదే.

దేన్నయినా వేలి కణుపుతో కొట్టి చూడటం ఆమె అలవాటు. బండ కొనడానికి వచ్చినవాళ్ల ముందు ఒక్కో పలకనూ నిలబెట్టి టకటకా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. "మోగాలె. మొద్దుగ పలికిందంటే లోపల పగులున్నట్టు" అనేది. పుచ్చకాయనూ కొట్టేది, కొత్తగా కట్టిన గోడనూ కొట్టేది. నా పెళ్లిచూపుల రోజు మా ఆయన పక్కన ఆమె కూర్చుంటే, ఆయన తలమీద కూడా కొట్టి చూస్తుందేమోనని మా అమ్మ హడలిపోయింది. కారు ఎక్కేముందు బానెట్ మీద కూడా ఒకసారి కొట్టేది. అది మాత్రం వినడానికి కాదనుకుంటాను. తలుపు తట్టడం లాంటిది.

ఆ కారంటే ఆమెకు ప్రాణం. మామయ్య చనిపోయిన ఏడాది, క్వారీకి పోవాలంటే ఎవరో ఒకరు వచ్చి తీసుకుపోయేదాకా గుమ్మంలో ఎదురుచూడటం నచ్చక, కార్ఖానా ఆవరణలో రాళ్ల గుట్టల మధ్య తిప్పుతూ నేర్చుకుంది. సీటును ముందుకు జరిపి, నడుం వెనక దిండు పెట్టుకుని, స్టీరింగును దాదాపు ఒళ్లో పెట్టుకున్నట్టు కూర్చునేది. మనిషి లేని మూలమలుపులో కూడా హారన్ కొట్టేది. ఎవరున్నారని కొడుతున్నావత్తా అంటే, చెప్పకుండా ఎవరింటికన్నా పోతామా అని నన్నే తిరిగి అడిగేది. భయం లేనోడి బండి ఎక్కొద్దనీ, భయపడేవాళ్లే ఇల్లు చేరతారనీ ఆమె మాకు చెప్పని రోజు లేదు. ఆమె మాత్రం బల్లికి తప్ప దేనికీ భయపడదని మేమంతా అనుకునేవాళ్లం.

భయమంటే నాది. లైసెన్సు తీసుకున్న కొత్తలో మా వీధిలోనే కారు వెనక్కి తీస్తూ ఒక పిల్లవాడి సైకిలు మీదికి ఎక్కించాను. సైకిలు మీద పిల్లవాడు లేడు. ఇంట్లో అన్నం తింటున్నాడు. అయినా చక్రం కింద ఇనుము నలిగిన చప్పుడు చాలా రోజులు నా చెవుల్లోనే ఉంది. ఆ తరువాత కారు తాళాలు ముట్టుకోలేదు. మా ఆయన తాండూరు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులకు రైల్లో పోయివస్తాడు. కారు కవరు కప్పుకుని వాకిట్లో ఉండేది.

ఆయనకు ఇంట్లో కంప్యూటర్ తెరమీద కార్ల పందేల ఆట పిచ్చి. ఒక ఎండాకాలం ఆ ఆట కోసం స్టీరింగు, పెడల్స్, వాటిని బిగించే స్టాండు తెప్పించుకున్నాడు. పెట్టెలు వచ్చిన రోజు ఆయనకు డ్యూటీ. ఏదో పనిమీద వికారాబాద్ వచ్చిన అత్త మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి వచ్చింది. ముందుగదిలో ఆ పెట్టెల్ని చూసి ఏందిదని అడిగింది. చెప్పాను. తిన్న చెయ్యి కడుక్కుని వచ్చి నేరుగా కత్తి అడిగింది.

ఇద్దరం కింద కూర్చుని బిగించాం. ఇనుప గొట్టాలు, బోల్టులు, వంకర తిరిగిన చిన్న పానా. మొదటిసారి స్టీరింగు పెట్టే పలకను తలకిందులుగా బిగించాం. స్టాండు తాగుబోతులా ఊగింది. విప్పి మళ్లీ మొదలుపెట్టాం. చివరికి నిలబడింది గానీ, నేను కూర్చుని బ్రేకు తొక్కగానే కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ వెనక్కి పోయి గోడకు గుద్దుకుంది. అత్త నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. భోజనాల బల్ల దగ్గరి చెక్కకుర్చీ తెచ్చి దాని వీపు గోడకు ఆనించింది. మా ఇంటి నేల ఆమె కార్ఖానా నుంచి వచ్చిన బండలే. అద్దంలా ఉంటాయి. వాటి మీద పెడల్స్ జారిపోతుంటే వాకిట్లోంచి రబ్బరు పట్టా తెచ్చి కింద వేసింది. చేతులు చాచి మణికట్లు స్టీరింగు పైఅంచు మీద ఆనేదాకా స్టాండు ఎత్తు దించింది. మడమ నేలకు ఆని ఉండాలని, గాల్లో ఉంటే కాలు అబద్ధం చెబుతుందని అంది.

"ఇగ కూసో. ఇందుల ఎవర్ని గుద్దినా సావరు. గీడ నేర్సుకో" అంది.

అలా మొదలైంది. వారంలో ఒకటి రెండుసార్లు తాండూరు నుంచి ఆ తెల్లకారు వచ్చి మా గేటు ముందు ఆగేది. నేను కుర్చీలో, ఆమె పక్కన ముక్కాలిపీట మీద. తెరమీద బండి మలుపు దగ్గరికి వస్తుంటే నాకు అరచేతులు చెమటపట్టేవి. ఆటే కదా అని మా పాప కూడా నవ్వేది. అత్త నవ్వేది కాదు. మలుపుకు ముందే బ్రేకు, మలుపులో కాదు అని ఒకే మాట ఒకే గొంతుతో చెప్పేది. నాతోపాటు తన కుడికాలిని ఉత్త నేలమీద నొక్కుతూ ఉండేది.

నా వంతు అయ్యాక తనూ కూర్చునేది. ఆశ్చర్యమేమిటంటే, ఏళ్ల తరబడి క్వారీ దారుల్లో కారు నడిపిన మనిషి ఆ తెరమీద ప్రతి మలుపులోనూ పోయి రెయిలింగుకు గుద్దుకునేది. బ్రేకు పనిచేస్తలేదని అంది. నేను తొక్కి చూశాను. బాగానే ఉంది. మళ్లీ కూర్చుంది, మళ్లీ గుద్దింది. ఆ ఆటలో తెర మూలన రెండు గీతలు ఉంటాయి. ఆక్సిలరేటర్ తొక్కితే పచ్చగీత లేస్తుంది, బ్రేకు తొక్కితే ఎర్రగీత. అత్త బ్రేకు తొక్కుతున్నానని చెబుతున్నప్పుడు పచ్చగీత లేచి ఉంది. ఒక్కోసారి రెండూ లేచేవి. ఆ గీతల సంగతి నేనే చెప్పాను, ఏదో సరదాగా. ఆమె ఒక క్షణం తెరను చూసి, తల వంచి తన కాలిని చూసుకుంది. పిలిస్తే పలకని పిల్లను చూసినట్టు చూసుకుంది.

కొత్త వస్తువు కదా, పెడల్స్ దగ్గర దగ్గరగా ఉన్నాయి కదా అని నేనే సర్దిచెప్పాను. ఆరోజు నుంచి నా పాఠం తగ్గి, ఆమె ఆట పెరిగింది. పందెం వద్దని, ఖాళీ రోడ్డు పెట్టమనేది. తొక్కేది, గీతను చూసేది. మళ్లీ తొక్కేది. స్టీరింగు మీద చెయ్యి కూడా పెట్టేది కాదు.

ఆ ఎండలు ముదిరిన రోజుల్లో ఒకనాడు నేనూ పాపా తాండూరు పోయాం. మిట్టమధ్యాహ్నం. ఆవరణలో పరిచిన బండలు పెనంలా కాలుతున్నాయి. ఎవరో పిలిస్తే అత్త షెడ్డులోంచి బయటికి వచ్చి, బండల మీదుగా లారీ దాకా నడిచిపోయి, లెక్క చెప్పి, తీరిగ్గా తిరిగి వస్తోంది. ఆమె కుడిచెప్పు షెడ్డు గుమ్మంలోనే పడి ఉంది. పాప ముందు చూసి, "అత్తమ్మా, నీ చెప్పు" అంది.

అత్త ఆగి కిందికి చూసింది. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. లేని కాలు నిప్పులాంటి బండమీద ఉంది. ఆమె దాన్ని ఎత్తలేదు. మంట తెలిస్తే కదా ఎత్తడానికి! నేనే పరుగెత్తి ఆమె చెయ్యి పట్టుకుని నీడలోకి లాగాను. సాయంత్రానికి అరికాలు నిండా బొబ్బలు లేచాయి. నీళ్లగుడ్డ చుడుతుంటే ఆమె నా ముఖాన్నే చూస్తూ కూర్చుంది. నొప్పి ఎక్కడుందో నా ముఖంలో వెతుక్కుంటున్నట్టు.

ఆ తరువాత మెల్లగా చెయ్యి చాచి, వేలి కణుపుతో తన పాదం మీదే కొట్టుకుంది. చెవి అటు వంచింది. నాకు ఏడుపు వచ్చింది.

"నా కొడుక్కు చెప్పకు. కారు గుంజుకుంటడు" అంది.

డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. చక్కెర వ్యాధి ఎప్పటినుంచో ఉందని, అరికాళ్లలో స్పర్శ తగ్గిందని ఆయన చెప్పాడు. కాళ్లు జాగ్రత్త అన్నాడు. కారు నడపొచ్చా అని ఆమె అడగలేదు. నేను అడగబోతే మోచేత్తో పొడిచింది. బయటికి వచ్చాక ఇక నడపొద్దత్తా అని బతిమాలాను. సరేనంది. ఆ తరువాత కొన్నాళ్లు ఆమె రైల్లోనే వచ్చింది. నేను నమ్మాను.

వానలు పడ్డాక ఒక ఆదివారం అనంతగిరి పోదామని మా అమ్మ అంది. పద్మనాభస్వామికి ఏదో మొక్కు. మా ఆయనకు డ్యూటీ. ఆటో మాట్లాడతానని నేను అంటుండగానే గేటు ముందు హారన్ మోగింది. తెల్లకారు. అమ్మ ముందుగానే ఫోన్ చేసిందట. నేను అత్తను పక్కకు తీసుకుపోయి అడిగాను. కాలు నయమైందని, నెలంతా కార్ఖానాలో తిప్పి చూసుకున్నానని, మెల్లగా పోతానని అంది. అమ్మ అప్పటికే వెనక సీట్లో కూర్చుని పాపను ఒళ్లో పెట్టుకుంది. ఆమె ముందు ఆ కాలి సంగతి ఎలా ఎత్తాలో తెలియలేదు. ముందుసీట్లో కూర్చున్నాను.

కొండ ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు. దర్శనం అయింది. దిగేటప్పుడు వాన పట్టుకుంది. చెట్లు రెండు వైపుల నుంచి వంగి, మధ్యాహ్నమే మసక కమ్మింది. అద్దం మీద వైపర్లు కొట్టుకుంటున్నాయి. అమ్మ వెనక ఏదో పాత పెళ్లి ముచ్చట చెబుతోంది. అత్త ఊఁ కొడుతోంది. నేను మాత్రం ఆమె మోకాలినే చూస్తున్నాను.

ఒక మలుపు దిగి రెండో మలుపుకు వస్తుండగా ఇంజను గట్టిగా అరిచింది. బండి ఆగాల్సిన చోట ముందుకు ఉరికింది. అత్త తల వంచి కిందికి చూసింది. ఆటలో చూసినట్టే. నాకు కళ్ల ముందు పచ్చగీత లేచింది. ఎదురుగా రోడ్డు లేదు, ఉత్త వానే. ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు, హ్యాండ్‌బ్రేకును రెండు చేతులా పట్టి లాగాను. బండి వెనకభాగం జారింది. ఆ క్షణంలో అత్త చేతులు స్టీరింగును లోయ వైపు కాకుండా కొండ వైపు తిప్పాయి. కాలు మోసం చేసినా చేతులు చెయ్యలేదు. ముందుచక్రం కొండవార కాలువలోకి దిగి, బండి ఎర్రమట్టికి ముక్కు పొడుచుకుని ఆగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను. అప్పుడు పాప ఏడుపు వినబడేదాకా వెనక్కి తిరిగి చూసే ధైర్యం నాకు రాలేదు.

కింది నుంచి వస్తున్న షేర్ ఆటో ఆగింది. మగవాళ్లు దిగి కారును కాలువలోంచి వెనక్కి తోశారు. వాళ్లు పైకి పోవాలి, ఆటో కిక్కిరిసి ఉంది. జర పైలంగా పోండ్రమ్మా అని చెప్పి వెళ్లిపోయారు. ఫోన్లో సిగ్నల్ లేదు. అమ్మ చేతిలో పూలదండ పట్టుకుని పాపను అదుముకుని కూర్చుంది. ఆమెకు ఇంకా ఏం జరిగిందో అర్థం కాలేదు. వదినా, బ్రేకు పడలేదా అని అడిగింది.

అత్త నా వైపే తిరిగి చెప్పింది. ఆ గొంతు నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. అంత చిన్నగా ఆమె మాట్లాడగలదని కూడా నాకు తెలియదు.

"నా కాలు యాడున్నదో నాకు తెలుస్తలేదు బిడ్డా. నీ ఇంటికి వచ్చింది నీకు నేర్పనీకి గాదు. కాలు నా మాట వింటదో లేదో సూస్కోనీకి."

అప్పుడు మిగతాది చెప్పింది. స్టాండు మా ఇంటికి రాకముందే, తాండూరు మార్కెట్ దగ్గర కారు ఆపబోతే అది ముందుకు దూకి కూరగాయల బుట్టల మీదికి ఎక్కిందట. టమాటాలు పచ్చడైపోయాయట. వాటి వెనక కూర్చున్న ముసలామె అప్పుడే లేచి పక్కకుళాయి దగ్గర నీళ్లు తాగుతోందట. చెప్పు జారిందని అందరికీ చెప్పిందట. తనకూ అలాగే చెప్పుకుందట. ఆనాటి నుంచి ఇంజను మోగిన ప్రతిసారీ ఆ ముసలామె లేవకుండా అక్కడే కూర్చున్నట్టు కనబడుతుందట. ఆ కనబడేదాన్ని తోసేసి బండి నడుపుతూ వచ్చింది. గుమ్మంలో కూర్చుని ఎవరికోసమో ఎదురుచూడటమంటే ఆమెకు అంతకన్నా భయం.

ఆమె దిగి, వానలో తడుస్తూ కారు చుట్టూ తిరిగి నా వైపు తలుపు తీసింది. తాళంచెవి బండికే ఉంది.

"అటు జరుగు" అంది.

నావల్ల కాదన్నాను. ఆ సైకిలు చప్పుడు చెవుల్లోకి వచ్చింది. ఇక్కడే ఉందాం, ఎవరైనా వస్తారు అన్నాను. పొగమంచు దిగుతోందని, ఈ మూలమీద ఆగిన బండిని పైనుంచి వచ్చే బస్సు చూడదని ఆమె అంది. అది నిజం. ఆ నిజమే నన్ను అటు సీట్లోకి జరిపింది. ధైర్యం కాదు. ఉంటే చస్తామన్న భయం, పోతే చస్తామన్న భయం కంటే కాస్త పెద్దదైంది, అంతే.

సీటు నాకు మరీ దగ్గరగా ఉంది. దిండు తీసి, వెనక్కి జరుపుకున్నాను. మడమ నేలకు ఆనించాను. బ్రేకు తొక్కితే అరికాలి కింద గట్టిగా తగిలింది. ఆ తగలడం ఎంత భాగ్యమో అప్పుడు తెలిసింది. మొదటి గేరులోనే దిగాను. ప్రతి మలుపులో హారన్ కొట్టాను. ఒకచోట బస్సు ఎదురైంది. నేను కొండవార ఒదిగి ఆగితే, అది మా అద్దాన్ని రాసుకున్నంత దగ్గరగా పోయింది. అత్త ఒక్క సలహా కూడా చెప్పలేదు. కుడికాలు నేలకు నొక్కలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వికారాబాద్ మొదటి ఇళ్లు కనబడ్డాక ఆమె చెంపలు తడిగా ఉండటం చూశాను. వానేమో అనుకుందామనుకున్నాను. కిటికీ మూసే ఉంది, తడిసిన ముఖాన్ని ఆమె కారెక్కగానే తుడుచుకుంది.

కొడుక్కు ఆమే చెప్పింది. కారు అతనికి ఇచ్చేసింది. ఆ చలికాలంలోనే ఆ పాదానికి మేకు గుచ్చుకుంది. అది గుచ్చుకున్నట్టు ఆమెకు తెలిసేసరికి చాలా రోజులైంది. వేలు తీశారు. పుండు మానలేదు. కట్టు మార్పించుకోవడానికి వీలని కొన్నాళ్లు మా ఇంట్లో ఉంది. మంచం ముందుగదిలో వేశాం. స్టీరింగు స్టాండు ఎదురుగానే ఉండేది. రెండో రోజు నన్ను పిలిచి, దాన్ని అవతల పెట్టమని అడిగింది. ఆ మూడు పెడల్స్ తనవైపే నోరు తెరుచుకుని చూస్తున్నట్టున్నాయని అంది. మా ఆయన ఆ సాయంత్రమే బోల్టులు విప్పి, గొట్టాలు కట్టగట్టి సజ్జ మీద పెట్టేశాడు. మళ్లీ దించలేదు. ఆట సంగతి ఎత్తనూ లేదు.

ఆ రోజుల్లో ఆమెకు ప్రతిదానికీ భయమే. కట్టు విప్పుతుంటే నా ముంజేతిని పట్టుకునేది. కాలు ఇంకా ఎంతదాకా తీస్తారని నర్సును కాక నన్ను అడిగేది. అంత పెద్ద గొంతు మనిషి, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేది. చూడటానికి నాకూ భయమేసేది. మా ఇంటికి గోడలా నిలిచిన మనిషి అలా అయిపోతే మిగతావాళ్లం దేనికి ఆనుకోవాలి?

చనిపోయే ముందు ఒకసారి, తన ఇంటికి పోతానని పట్టుబట్టింది. కొడుకు వచ్చి తీసుకుపోతానన్నా ఒప్పుకోలేదు. నేను మా కారు కవరు తీసి, ఆమెను ముందుసీట్లో కూర్చోబెట్టి, కట్టుకాలి కింద దిండు పెట్టి బయలుదేరాను. ఎండ పల్చగా ఉంది. దారికి రెండు వైపులా కందిచేలు పచ్చగా పూశాయి. ఆమె కాసేపు చేలను చూసింది. ఎవరివో చెప్పింది. తరువాత మాట ఆగిపోయింది.

తిరిగి చూశాను. తల కిటికీ మీదికి వాలి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. అత్తా అని పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. స్టీరింగు మీద నా వేళ్లు చల్లబడ్డాయి. బండి పక్కకు తీసి ఆపాను. వేలు ఆమె ముక్కు దగ్గర పెట్టాను.

వెచ్చగా తగిలింది. ఆమె కళ్లు తెరిచింది. నిద్రపోయింది, అంతే. ఇంకొకరు నడిపే బండిలో ఆమె నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

నా వేలినీ, నా ముఖాన్నీ చూసి అంతా అర్థం చేసుకుంది. ముందున్న రోడ్డు వైపు గడ్డంతో చూపించింది.

"ఎందుకాపినవ్? మంచిగనే పోతున్నవ్ గద" అని, మళ్లీ కళ్లు మూసుకుంది.